బిగియని మూత

అరికాలి మంట నెత్తికెక్కడం అనే మాట ఊరికే పుట్టలేదని కోడలికి ఆ పొద్దున తెలిసొచ్చింది. తను తోలే వ్యాను బానెట్ ఎత్తి, ఇంజనులో నూనె పోసే చోటనుండే మూత మీద చెయ్యి వేసిందో లేదో, తిప్పకుండానే అది చేతిలోకి వచ్చేసింది. బిగించినట్టు పైకి కనిపిస్తోంది గాని, తుమ్మితే ఊడే ముక్కులా ఉంది దాని వరస.

ముందురోజు సాయంత్రం జరిగిన భాగోతం అంతా ఈ మూత పుణ్యమే. ఆసుపత్రి నర్సులను ఇళ్లకు చేర్చే పని ఆమెది. దారిలో ఉండగా బానెట్ సందుల్లోంచి పొగ లేచింది. మాడు వాసన. నర్సులు గబగబా దిగి వేరే బళ్లు ఎక్కేశారు. కబురందుకుని మొగుడు వచ్చాడు. ఇంజను పైనంతా చిందిన నూనె చూశాడు. మూత దాని చోట అది ఉన్నట్టే కనిపించింది గనక దాన్ని ముట్టుకోలేదు. పొద్దస్తమానం స్విచ్చులూ బల్బులూ అమ్ముకునే మనిషికి ఇంజను సంగతి ఏం తెలుస్తుంది? తెలియకపోతే నోరు ఊరుకుంటుందా? అడ్డదిడ్డంగా తోలి ఇంజను పగలగొట్టావన్నాడు. బండిని తాడు కట్టి ఇంటికి లాగించాడు. తల్లీ చెల్లెలూ గుమ్మంలో నిలబడి చూస్తుండగా ఆమె చేతిలోంచి తాళంచెవి లాక్కున్నాడు. ఎల్లుండి నుంచి నా తమ్ముడు తోలుతాడు, నువ్వు ఇంటిపట్టున పడి ఉండు అన్నాడు. ఆడపడుచు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

వాళ్లందరినీ ఆమె ఎలాగో ఓర్చుకునేదే. మామగారు నోరు విప్పకపోవడం మాత్రం రాత్రంతా కాల్చుకు తింది. లారీ షెడ్డులో జుట్టు నెరిసిన మనిషి ఆయన. పెద్దమేస్త్రీ అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. ఆమెకు స్టీరింగు పట్టడం నేర్పింది ఆయనే. ఆడదానికి బండేమిటని ఇల్లంతా ఒంటికాలి మీద లేచిన రోజున, నా కోడలు తోలుతుంది, మీకేం నొప్పి అని నిలబడిందీ ఆయనే. అలాంటివాడు నిన్న బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

ఎందుకు కూర్చున్నాడో ఇప్పుడు అర్థమైంది. బండి ఊపిరి చూడటం ఆయనకు లారీల నాటి అలవాటు. రోజూ పొద్దున్నే ఇంజను ఆన్ చేసి, ఆ మూత విప్పి, తిరగేసి కంత మీద పెడతాడు. మూత కొంచెం వణికి ఊరుకుంటే బండి బాగున్నట్టు. ఎగిరి పడితే లోపల అరిగినట్టు. చూడటం అయ్యాక మళ్లీ బిగిస్తాడు. ఆ ఇంట్లో ఆ మూత జోలికి వెళ్లేది ఆయనొక్కడే.

తిట్టుకుంటూనే ఆమె పనిలోకి దిగింది. మూత లోపలి రబ్బరు చుట్టను గోరుతో నొక్కింది. దిగలేదు. ఎండి, బీటలు వారింది. దాన్ని పట్టుకుని విడిభాగాల కొట్టుకు వెళ్లింది. కొట్టువాడు అలాంటిదే ఏదో ఇచ్చి, అన్నీ ఒకటేనమ్మా అన్నాడు. ఒకటైతే ఇన్ని రకాలు ఎందుకు పెట్టుకున్నావని ఎదురడిగి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, సరైనది తీయించుకుంది. ఇంటికొచ్చి కొత్త చుట్టను మూతకు తొడిగింది, కంత చుట్టూ మట్టి లోపల పడకుండా తుడిచింది, ఇంజను మీది నూనె తుడిచింది, తగ్గినంత కొత్త నూనె పోసింది. మూత మాత్రం పెట్టలేదు. దాన్ని తీసుకెళ్లి అరుగు మీద పేపరు చదువుతున్న మామగారి ముందు నిలబడింది.

"మూత బిగించకుండా వదిలేసింది మీరే కదా మామయ్యా?"

ఆయన పేపరు మడిచాడు. అవునని తలూపాడు. మణికట్టు తిరగడం లేదట. ఆ సంగతి బయటపడితే తనను బండి దగ్గరికి రానివ్వరని భయపడ్డాడట.

"మీకు బండి దూరమవుతుందని, నాకు బండి లేకుండా చేశారా?"

ఆయన లేచి కొడుకును పిలిచాడు. తప్పు తనదేనని చెప్పాడు. వింటేగా! కొడుకు నవ్వేశాడు. నువ్వెప్పుడూ దీన్ని వెనకేసుకొస్తావు నాన్నా, దీని తప్పు నీ నెత్తిన వేసుకోకు అన్నాడు. నిన్న చెప్పి ఉంటే నిలబడే నిజం, ఒక్క రాత్రి ఆలస్యమయ్యేసరికి అబద్ధమై కూర్చుంది. కోడలికి ఇద్దరి మీదా ఒకేసారి ఒళ్లు మండిపోయింది.

పెద్దమేస్త్రీ కోడలి చేతిలోని మూత తీసుకుని బండి దగ్గరికి నడిచాడు. కంత మీద పెట్టి తిప్పాడు. సగం తిరిగి ఆగింది. పళ్లు బిగించి మళ్లీ తిప్పబోయాడు. మెడ నరాలు ఉబ్బాయి గాని మూత కదల్లేదు. పక్కకు తప్పుకుని, చూడమన్నాడు. కొడుకు రెండు వేళ్లతో పైకి లాగాడు. ఊడి వచ్చింది.

కోడలు దాన్ని లాక్కుని, కంతలో పెట్టి, టక్కుమనేదాకా తిప్పింది. స్టార్ట్ చేయమంది. మొగుడు జేబులోంచి తాళంచెవి తీసి ఇంజను ఆన్ చేశాడు. పొగ లేదు, మూత చుట్టూ చుక్క నూనె లేదు. ఇంజను నిక్షేపంలా ఉంది. బండి ఆపి దిగాడో లేదో తండ్రి మీద విరుచుకుపడ్డాడు. చేతకానివాడివి ఎందుకు ముట్టుకున్నావు, మనుషులు కాలిపోయి ఉంటే ఎవరిదా పాపం అన్నాడు.

"ఆయన్ని తర్వాత అందురు గాని," అంది కోడలు. "నిన్న నన్నన్న మాటల సంగతేంటి?"

అతను నసిగాడు. తాళంచెవి ఆమె చేతిలో పెట్టబోయాడు. ఆమె చెయ్యి చాపలేదు.

"అందరి ముందూ లాక్కున్నారు. అందరి ముందూ ఇవ్వండి. అత్తయ్యనీ, మీ చెల్లెల్నీ పిలవండి."

ఇప్పుడు ఇదంతా ఎందుకే అన్నాడు. ఆమె కదల్లేదు.

"పిలవరా," అన్నాడు పెద్దమేస్త్రీ. "నేనూ వాళ్ల ముందే చెప్పాలి."

అతను గుమ్మం వైపు తిరిగి, అమ్మా అన్నాడు. ఆ పిలుపు గుమ్మం దాకా కూడా వెళ్లలేదు.

"వాళ్లకు వినపడలేదు," అంది కోడలు. "నిన్న అరిచారు చూడండి, ఆ గొంతుతో పిలవండి."