పోలయ్య తెల్లచొక్కా

పోలయ్య కుక్క బాతుల్ని తోలుతూంటే చూడడానికి కొత్తపేట రోడ్డు మీద పోయేవాళ్ళు సైకిళ్ళు దిగి నిలబడేవారు. నల్లటి కుక్క, పేరు జీడి. పోలయ్య ఒక్క ఈల వేస్తే చాలు, మూడు వందల బాతుల చుట్టూ తిరిగొచ్చి, ఒక్కదాని మీద కూడా పన్ను వెయ్యకుండా, పొట్ట నేలకానించి పాకుతూ మందంతా తెచ్చి అతని ముందు నిలబెట్టేది. నిజం చెప్పాలంటే అందులో గొప్ప సగం కుక్కది, సగం బాతులది. పోలయ్య మాత్రం మొత్తం తనదేననుకునేవాడు. మనిషి మంచివాడే. ఎవరైనా పొగిడితే మాత్రం ఇక అతని కాళ్ళు నేల మీద ఉండేవి కావు.

అతని నేస్తం మోషే. ఇద్దరూ పన్నెండేళ్ళుగా కలిసి బాతులు మేపుతున్నారు. కోతలయ్యాక మళ్ళలో రాలిన గింజలూ, బురదలో నత్తలూ బాతులకు మేత. ఒక ఊరి చేలు అయిపోతే ఇంకో ఊరు, అలా రెండు మందలూ తోలుకుని పలివెల నుంచి రాజోలు దాకా పోయేవారు. ఒకడు వండితే ఒకడు కాపలా. మోషేకీ ఒక కుక్క ఉంది. దానికి ఒక చెవి సగమే ఉంది, పేరు అసలే లేదు. "ఇదిగో" అంటే వచ్చేది.

పగలంతా రెండు మందలూ కలిసి మేసేవి. సాయంత్రం ఇద్దరూ చెరో గట్టు మీద నిలబడి "దా... దా... దా" అంటే చాలు, ఎవరి బాతులు వాళ్ళ దగ్గరికి విడిపోయి వచ్చేవి.

"చూసేవా, నా మొహం ఎలా గుర్తుపడతాయో!" అనేవాడు పోలయ్య ప్రతి సాయంత్రమూ.

మోషే అటు తిరిగి బీడీ ముట్టించుకునేవాడు.

ఎనభై మూడులో సార్వా కోతలయ్యాక పశువుల డాక్టరు గౌరీశంకరంగారికి ఓ ఆలోచన వచ్చింది. ఏటా పశువుల ప్రదర్శనలో ఎడ్లూ గేదెలే గాని, బాతులవాళ్ళనెవరూ పట్టించుకోవడం లేదు. ఈసారి బాతులు తోలే పోటీ పెడదామన్నారు. తలా యాభై బాతులు తెచ్చుకోవాలి. చేనుకి ఆ చివర నుంచి, గట్టుకి కొట్టిన గండిలోంచి దాటించి, తడికెలతో కట్టిన దొడ్డిలోకి తోలాలి. కుక్కని వాడుకోవచ్చు. గెలిచినవాళ్ళకి ఇత్తడి బిందె.

"నీ కుక్క సంగతి విన్నానయ్యా," అన్నారాయన పోలయ్యతో. "ఆ రోజు పెద్ద ఆఫీసర్లు వస్తారు. నువ్వు తప్పకుండా రావాలి."

"ఆయ్, వత్తానండి!" అన్నాడు పోలయ్య. అంతటితో ఊరుకుంటే ఈ కథే లేదు. "యాభై ఏం ఆనతాయండీ? మా జీడికి అయ్యొక లెక్కా? మందంతా తెత్తానండి. మూడొందలూ ఒక్కసారే తోలి చూపిత్తాను."

ఆ మాట మోషే విన్నాడు.

"ఒరే, నీకేవన్నా పిచ్చా?" అన్నాడు ఇద్దరూ ఒంటరిగా ఉన్నప్పుడు. "ఆ చేను కాలవ గట్టు పక్కనే. కాలవ నిండా నీళ్ళున్నాయి. జనం, కేకలు. బెదిరి కాలవలో పడ్డాయంటే కింద లాకులున్నాయి. ఆ తలుపుల దగ్గర సుడిలో పడితే పదింటికి రెండు మిగలవు. గుడ్లకొచ్చిన మంద. అది పోతే నువ్వూ చిట్టెమ్మా ఏం తింటారు?"

"నా బాతులు నన్నొదిలి ఎక్కడికి పోతాయిరా?" అని నవ్వేశాడు పోలయ్య.

భార్య చిట్టెమ్మ కూడా అదే మాట చెప్పింది. ఆవిడ మాట మాత్రం వింటాడా! కొత్తపేట వెళ్ళి తెల్లచొక్కా, తెల్లపంచె కొనుక్కున్నాడు. చొక్కాకి ఇస్త్రీ చేయించాడు. బాతుల్ని మళ్ళించే పాత గడకి చిట్టెమ్మ చీరముక్క కట్టి ఉండేది. ఆఫీసర్ల ముందు అదేం బావుంటుందని, సన్నటి వెదురుగడ తెచ్చి ఎరుపూ తెలుపూ రంగులు వేశాడు.

ఇక మిగిలింది ఖాకీ చొక్కా. పోస్టుమాన్ కేశవరావుగారు తొమ్మిదేళ్ళ కిందట ఇచ్చింది. ఎండకీ వానకీ పోలయ్య ఒంటి మీద ఉండేది అదే. ప్రదర్శన రోజు పొద్దున్నే మోషే చిరుగుల బనీనుతో చలికి వణుకుతూ వచ్చాడు. పోలయ్య అప్పటికే తెల్లగా మెరిసిపోతున్నాడు. నేస్తాన్ని ఎగాదిగా చూసి, ఆ ఖాకీ చొక్కా తీసి అతని మీదికి విసిరాడు.

"ఇది తొడుక్కో. ఆ అవతారంతో నా పక్కన నిలబడకు, పరువు పోద్ది."

చొక్కా మోషే మొహానికి తగిలి కింద పడింది. మోషే కాసేపు దాన్నే చూశాడు. ఏదో అనబోయి మానేశాడు. వంగి తీసుకుని, దులిపి, తొడుక్కున్నాడు. చిట్టెమ్మ మొగుడి వంక చూసిన చూపు పోలయ్య చూడలేదు. అద్దంలో దువ్వుకుంటున్నాడు.

ఆ వెంటనే చిట్టెమ్మే ముందుగా బాతుల్ని చేనుకి తోలుకెళ్ళి ఆ చివర కూర్చోబెట్టింది. చేను చుట్టూ జనం. కుర్చీలలో ఆఫీసర్లు. మొదట నలుగురు తోలారు. బాతులు అటూ ఇటూ పోయినా, తిట్టుకుంటూ ఎలాగో దొడ్డికి చేర్చారు. అప్పుడు పోలయ్య రంగులగడ పట్టుకుని చేను మధ్యకి నడిచాడు. మూడు వందల బాతులని చూసి జనం ఈలలు వేశారు. పోలయ్య ఆఫీసర్లకి దండం పెట్టి, తనూ ఒక ఈల వేశాడు.

జీడి బాణంలా పోయింది. మంద వెనకాలకి చేరి పొట్ట మీద పాకుతూ బాతుల్ని లేపింది. అవి బారుగా కదిలాయి. "అదీ!" అన్నారు గౌరీశంకరంగారు.

సగం చేను దాటాక ముందు బాతు ఆగిపోయింది. మెడ నిటారుగా ఎత్తింది. దాని వెనక మూడు వందల మెడలూ లేచాయి. ఎదురుగా ఎవడో తెల్లటి మనిషి, చేతిలో ఎర్రటి గడ. తమ మనిషి కాడు.

పోలయ్య "దా... దా" అన్నాడు. గొంతు తెలిసిందే గాని మనిషి తెలియలేదు. బాతులు కాస్త వెనక్కి తగ్గాయి. వెనకేమో కుక్క. పోలయ్యకి జనం నవ్వుతున్నట్టనిపించింది. మళ్ళీ ఈల వేశాడు, మందని తెమ్మని. జీడి ఇంకాస్త దగ్గరికి వచ్చింది. పోలయ్య ఇంకా గట్టిగా వేశాడు. అది చెప్పినట్టల్లా చేసింది, పాపం. ముందు కొత్త మనిషి, వెనక కుక్క, మధ్యలో బాతులు. ఎక్కడికి పోతాయి? ఒక్కసారిగా అరిచి, రెక్కలు కొట్టుకుంటూ పక్కకి విరుచుకుపడి, గట్టెక్కి కాలవలోకి దూకేశాయి.

"నీ జిమ్మడ!" అని పోలయ్య గడ జీడి మీదికి విసిరాడు. అది వీపుకి తగిలి కుయ్యోమని తోక ముడుచుకుని పారిపోయింది. ఇన్నేళ్ళలో అతను కుక్కని కొట్టడం అదే మొదలు.

గట్టెక్కి చూసేసరికి కాలవ నిండా బాతులే. నీళ్ళు వాటిని కిందకి లాక్కుపోతున్నాయి. లాకులు అక్కడికి రెండు ఫర్లాంగులు కూడా లేవు. ఆ హోరు ఇక్కడికే వినిపిస్తోంది. పోలయ్య గట్టు మీద పరుగెడుతూ పిలిచాడు. పిలిచిన కొద్దీ బాతులు అతనికి దూరంగా అవతలి ఒడ్డు పక్కకి జరిగాయి. వాటికి ముందు పడదామని నీళ్ళలోకి దూకాడు. అప్పుడు మరీ బెదిరి, రెక్కలు కొడుతూ కిందకి ఇంకా వేగంగా పోయాయి. కొత్త పంచె నీళ్ళకి ఊడి కాళ్ళకి చుట్టుకుంది. మెడలోతు నీళ్ళలో నిలబడి, "అయ్యో, నా మందో! పోయిందిరో నా మంద!" అని ఏడ్చాడు.

అప్పుడు ఎవరో కాలవ గట్టు వెంట పరుగెత్తడం చూశాడు. వాడు బాతుల్ని దాటేసి, లాకులకి ఇవతల చాకలి రేవు దగ్గర ఆగి, నడుములోతు నీళ్ళలోకి దిగి, రెండు చేతులూ ఎత్తాడు. ఒంటి మీద ఖాకీ చొక్కా.

"దా... దా... దా..."

అచ్చం పోలయ్య పిలిచినట్టే, సాగదీసి, చివర్న కాస్త కిందకి దించి పిలిచాడు. ముందు బాతు మెడ తిప్పింది. రెండోది తిప్పింది. ఆ తరవాత మంద మొత్తం ప్రవాహానికి అడ్డం తిరిగి, కాళ్ళు తన్నుకుంటూ ఆ ఖాకీ చొక్కా వైపు ఈదింది. వెనకపడ్డ వాటిని చెవి తెగిన కుక్క అవతలి ఒడ్డు వెంట మొరుగుతూ ఇవతలికి తరిమింది. పక్కన ఇంకో నల్లకుక్క. దెబ్బ తిన్న జీడి, తనెవరి దగ్గరికి పారిపోయిందో వాడి కోసమే పని చేస్తోంది.

బాతులు ఒకటొకటే రేవెక్కి, రెక్కలు దులుపుకుని, మోషే కాళ్ళ చుట్టూ చేరాయి. ఒక్కటి కూడా పోలేదు. పోలయ్యకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఊడిన పంచె నడుముకి చుట్టుకుని, చంకలో రంగులగడ కూడా లేకుండా ఒడ్డెక్కి చూస్తూ నిలబడ్డాడు. మొహం గుర్తుపడతాయని ఎన్నేళ్ళు కోతలు కోశాడు! అవి గుర్తుపట్టింది కేశవరావుగారి చొక్కాని. ఆ చొక్కానే పొద్దున్న మోషే మొహాన కొట్టాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

జనంతో పాటు గౌరీశంకరంగారు రొప్పుతూ వచ్చారు. "ఏమయిందయ్యా? కుక్క పాడు చేసిందా?"

అవునంటే చాలు. జనం నమ్మేవారు. పోలయ్య జీడి వంక చూశాడు. అది మోషే కాళ్ళ వెనక నక్కి ఉంది.

"కాదండీ," అన్నాడు. "అది నేను చెప్పినట్టే చేసిందండి. తప్పంతా చెప్పినోడిదేనండి. బట్టలు మార్చేసరికి నా బాతులకి నేనెవరో తెలీలేదండి."

"కట్టుకున్నదాన్ని నేనే పోల్చుకోలేదు, అయ్యేం పోల్చుకుంటాయి!" అంది చిట్టెమ్మ. ఆవిడ కళ్ళలో నీళ్ళు ఇంకా ఆరలేదు. ఆఫీసర్లతో సహా అందరూ నవ్వారు. పోలయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వుతో గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయినట్టయింది.

బిందె చివరికి ఓడలరేవు పాపాయమ్మకి వచ్చింది. ఆవిడకి కుక్క లేదు. రోజూ కట్టే మాసిన చీరతోనే వచ్చి, యాభై బాతుల ముందు నడుచుకుంటూ దొడ్డిలోకి వెళ్ళింది. బాతులు ఆవిడ వెనకే వెళ్ళాయి. అంతే.

జనం వెళ్ళాక ఇద్దరూ రేవు మెట్ల మీద కూర్చున్నారు. మోషే బీడీలు తడిసిపోయాయి.

"నన్ను తిట్టరా," అన్నాడు పోలయ్య.

"నేనెందుకు తిడతాను? నాకు ముందే తెలుసు."

"ఏంటి తెలుసు?"

మోషే నీళ్ళ వంక చూస్తూ చెప్పాడు. "మా చెల్లి పెళ్ళప్పుడు నా మంద మీద నక్క పడిందన్నాను, గుర్తుందా? నక్కా లేదు, ఏం లేదు. కొత్త చొక్కాతో తిన్నగా మంద కాడికి పోయేను. చెల్లాచెదరైపోయినియ్యి. సిగ్గేసి నక్కన్నాను. రెండ్రోజులు నువ్వు నాతో తుప్పలన్నీ గాలించేవు."

"కాల్లో ముళ్ళు కూడా గుచ్చుకున్నాయి," అన్నాడు పోలయ్య నెమ్మదిగా.

"పొద్దున్న ఆ తెల్లచొక్కా చూడగానే చెబుదామనుకున్నాను. ఇది మొహాన కొట్టేవు గదా. కడుపు మండింది. పదిమందిలో కాస్త నవ్వులపాలైతే తిక్క కుదురుద్దిలే అని ఊరుకున్నాను. కాలవలో పడతాయనుకోలేదురా. పరిగెడతా ఉంటే, ఈ మంద పోతే నేనే చంపినట్టని..." తడిసిన బీడీలు పక్కన పడేశాడు. "నీకంటే నాదే పెద్ద తప్పు."

పోలయ్య తనకి కోపం వస్తుందేమోనని చూశాడు, రాలేదు. నక్క కోసం తను కర్ర పట్టుకుని తుప్పలన్నీ పొడవడం గుర్తొచ్చి ఒక్కసారిగా నవ్వొచ్చింది. నవ్వుతూనే మోషే భుజం మీద చెయ్యేశాడు.

"లేని నక్కకి ఎన్ని బూతులు తిట్టేన్రా!"

మోషే కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఖాకీ చొక్కా విప్పి, పిండి, ఇచ్చాడు. పోలయ్య తెల్లచొక్కా విప్పి తడి ఖాకీ తొడుక్కున్నాడు. చల్లగా ఒళ్ళు జలదరించినా హాయిగా ఉంది. బాతులు ఒకసారి అతని వంక, ఒకసారి మోషే వంక చూసి, నింపాదిగా అతని వైపు నడిచాయి. జీడి మాత్రం కదల్లేదు. పోలయ్య నేల మీద గొంతుక్కూర్చుని చెయ్యి చాపాడు. "తప్పయిపోయిందే. ఇంకెప్పుడూ కొట్టను." అది వచ్చి ముందు చొక్కా వాసన చూసింది. తరవాత చెయ్యి నాకింది.

పోలయ్య తెల్లచొక్కా మోషే ముందు పెట్టాడు. ఈసారి విసరలేదు, రెండు చేతులతో ఇచ్చాడు. "తొడుక్కోరా. చలేస్తంది."

మోషే గభాల్న వెనక్కి జరిగాడు. "నాకొద్దురా బాబూ! నాకూ మంద ఉంది."

చిట్టెమ్మ ఆ చొక్కా లాక్కుని, చేతిలో గుడ్ల బుట్టకి అడుగున పరిచింది. మోషే చిరుగుల బనీనులోనే లేచి, అలవాటుగా పోలయ్యకి నాలుగడుగులు వెనక నడవబోయాడు.

"వెనకెందుకురా," అన్నాడు పోలయ్య ఆగి. "నా పక్కన నడు."