ప్రైవేటుగా కట్టిన పరీక్ష

మేస్త్రి వ్యాను మలుపు తిరుగుతున్న చప్పుడు వినగానే యోలాన్ బస్‌స్టాపు వెనక్కి జరిగి రేకు గోడకి వీపు ఆనించి నిలబడింది. తెల్లచొక్కా మీద నారింజరంగు పని కోటు వేసుకుని బయల్దేరింది. చూసినవాళ్లు పనికే పోతోందనుకోవాలని ఆ ఏర్పాటు. కానీ కింద నల్ల పావడా, మడమ ఎత్తు చెప్పులు ఉన్నాయి. చూసేవాడు బాలింత్ మేస్త్రి అయితే పట్టుకోవడానికి ఆ చెప్పులే చాలు.

వ్యాను ఆగలేదు. వెనక చీపుళ్లు, పారలు, గడ్డి కోసే మిషను ఒకదానికొకటి కొట్టుకుంటూ పోయాయి. ముందు సీట్లో మేస్త్రి పక్కన ఆమె భర్త గుస్తావ్ తల దించుకుని కూర్చున్నాడు. రోడ్డు పక్కకి చూడకుండా ఉండడానికి అతను ఎంత పాటుపడుతున్నాడో ఆమెకి అర్థమైంది. బస్సు వచ్చాక కూడా డ్రైవరు రెండుసార్లు హారన్ కొడితే గాని కదలలేకపోయింది.

హంగరీలోని ఆ చిన్న ఊరు కిష్‌రేత్‌లో గని మూతపడిన దగ్గర్నుంచి జిప్సీ వీధి వాళ్లకి మేయరు ఆఫీసు ఇచ్చే ఊరి పని తప్ప వేరే పని లేదు. కాలవలు తీయడం, రోడ్లు ఊడవడం, చలికాలంలో స్కూలుకి కట్టెలు కొట్టడం. బయట కూలికి వచ్చేదాంట్లో సగం వస్తుంది. ఆ సగమైనా ఎవరికి రావాలో ఎవరికి రాకూడదో చెప్పేది మేయరు. ఆయన మాట వీధిలోకి తెచ్చేది బాలింత్ మేస్త్రి. ఆ రోజు జిల్లా నుంచి తనిఖీకి వస్తున్నారు. ఒక్కరు తగ్గినా ఊరుకోననీ, రానివాళ్ల పేరుతో పాటు ఆ ఇంట్లో రెండో పేరు కూడా కొట్టేస్తాననీ మేస్త్రి ముందు రోజు సాయంత్రమే చెప్పి పోయాడు.

చరిత్ర పరీక్షకని సెలవు అడగడానికి ఆమె వెళ్లకపోలేదు. మేయరు ఆఫీసులో ఆమె మాట పూర్తిగా విన్నారు. విని, చీపురు పట్టడానికి చరిత్ర ఎందుకని నవ్వారు.

నిజానికి చీపురు వదలడానికే ఆమెకి చరిత్ర కావాలి. పక్క ఊరి బాలవాడిలో పిల్లల్ని చూసుకునే సహాయకురాలి పని ఖాళీగా ఉంది. స్కూలు ముగింపు పరీక్ష ప్యాసై ఉంటే ఇస్తానని అక్కడి పెద్ద టీచరమ్మ మాట ఇచ్చింది. యోలాన్‌కి ఒక్క చరిత్రే మిగిలి ఉంది. పద్దెనిమిదో ఏట అన్నీ ప్యాసై దాంట్లో తప్పింది. అప్పుడామె ఏడో నెల గర్భిణి. నోటి పరీక్షలో బల్ల ముందు నిలబడితే పరీక్ష బోర్డు అధ్యక్షుడి కుర్చీలో ఉన్నాయన ఆమె కడుపు వైపు చూసి, నీకు ఇదంతా దేనికమ్మా, నువ్వు చదవాల్సిన చదువు ముందే చదివేసినట్టున్నావు కదా అన్నాడు. పక్కనున్న ఇద్దరూ నవ్వారు. కసితో నవ్వలేదు, ఎగతాళికీ కాదేమో, పొద్దుటి నుంచి కూర్చుని విసిగి ఉన్నారు. కానీ యోలాన్ నోట్లో నాలుక రాయిలా అయిపోయింది. తెలిసిన ముక్క కూడా బయటికి రాలేదు. ఆ కడుపులో ఉన్న కూతురు ఆరంకాకి ఇప్పుడు పన్నెండు దాటింది.

ఇన్నేళ్ల తర్వాత ప్రైవేటుగా పరీక్ష కట్టింది. మే నెలలో రాతపరీక్ష, పిల్లకి జ్వరమని మేస్త్రికి అబద్ధం చెప్పి రాసి వచ్చింది. అత్తెసరు మార్కులు వచ్చాయి. మిగిలింది నోటి పరీక్ష. ఆమెకి భయం కూడా అదే. కాలవ గట్లమీద పార పట్టుకుని పాఠాలు పైకి చెప్పుకునేది. ఎవరూ లేనప్పుడు మాట గడగడా వచ్చేది. గుస్తావ్ ఎదురుగా కూర్చుని అప్పజెప్పమంటే తడబడేది.

తెల్లారి బయల్దేరే ముందు గుస్తావ్ ఆఖరిసారి అడిగి చూశాడు.

"అక్టోబరులో మళ్లీ పెడతారంట కదే. అప్పుడు పో. పరీక్ష ఎక్కడికీ పారిపోదు."

"అక్టోబరుకి ఇంకో తనిఖీ వస్తదయ్యా."

"నీ ఒక్కదాని పేరైతే నేనేమన్నా అంటానా? నాది కూడా పోద్ది. పిల్లకేం పెడతాం?"

ఆమె పని కోటు బొత్తాలు పెట్టుకుంది. గుస్తావ్ గుమ్మంలో నిలబడి, నీకు జ్వరమని చెబుతాను, కానీ ఇంటికొచ్చి చూస్తే మాత్రం నా చేతుల్లో ఏమీ లేదు అని వెళ్లిపోయాడు. మేస్త్రి ఇంటికొచ్చి చూసే రకమని ఇద్దరికీ తెలుసు.

పట్నంలో స్కూలు గేటు దగ్గర వాచ్‌మన్ ఆమెని ఆపి, పిల్ల ఏ క్లాసని అడిగాడు. టీచర్లెవరూ ఇవాళ దొరకరనీ, పరీక్షలు జరుగుతున్నాయనీ చెప్పాడు. తనకే పరీక్ష అని యోలాన్ చెబితే నమ్మక, గుర్తింపు కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. చూసి పక్కకి తప్పుకున్నాడు. ఆమె పని కోటు విప్పి మడిచి సంచిలో కుక్కింది.

పైన వరండాలో పిల్లలంతా ఇస్త్రీ బట్టల్లో గోడ వెంబడి నిలబడి ఉన్నారు. లోపలి గదిలోంచి కాఫీ వాసన వస్తోంది. యోలాన్ ఒక మూల బెంచీ చివర కూర్చుంది. పక్కనే ఒక బక్క పిల్ల, పేరు డోర్కా అని తర్వాత తెలిసింది, మోకాళ్లు ఆడిస్తూ పెదవులు కదిలిస్తోంది. ఆ పిల్ల తనని చూసి నవ్వుతుందనుకుని యోలాన్ మొహం తిప్పుకుంది. డోర్కా నవ్వలేదు.

"ఆంటీ, మీకు కూడా భయమేస్తోందా?" అని మెల్లగా అడిగింది.

"చచ్చేంత."

"నాకు పొద్దున్నుంచి రెండుసార్లు వాంతైంది. పెద్దయితే భయం పోతుందనుకున్నాను."

"పోదమ్మా. నేనూ పోతదనే అనుకున్నా."

ఇద్దరూ ఒక సీసాలో నీళ్లు తాగారు. అప్పుడే సంచిలో ఫోను మోగింది. గుస్తావ్. ఆమె తీయలేదు. ఆగి మళ్లీ మోగింది. ఈసారి మేస్త్రి నంబరు. ఇంటికెళ్లి చూశాడన్నమాట. ఆరంకా ఒక్కతే తలుపు తీసి ఉంటుంది. ఏమని చెప్పి ఉంటుంది? ఇప్పుడు కిందికి దిగి బస్సెక్కితే మధ్యాహ్నానికి ఊళ్లో ఉండొచ్చు. అధికారులు వెళ్లేలోపు చీపురు పట్టుకుని వరసలో నిలబడొచ్చు. ఆమె లేచింది కూడా. మెట్ల దాకా నడిచింది.

వెనకనుంచి ఇంటిపేరుతో సహా బురాయ్ యోలాన్ అని ఎవరో పిలిచారు.

ఫోను కట్టేసి గుమ్మం దగ్గరున్న ఫోన్ల పెట్టెలో వేసి లోపలికి వెళ్లింది. ఎందుకు వెళ్లిందో, మెట్లు ఎందుకు దిగలేదో తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకి తెలియలేదు. పేరు పిలిస్తే హాజరు చెప్పడం అలవాటైన ప్రాణం. బహుశా అంతే.

పచ్చగుడ్డ పరిచిన బల్ల వెనక ముగ్గురు. మధ్యలో అధ్యక్షుడు, అప్పటాయన కాదు, నెరిసిన మీసాలాయన. ఒక పక్క యువకుడైన చరిత్ర మాస్టారు, ఇంకో పక్క వయసు మళ్లిన టీచరమ్మ. ముందు పళ్లెంలో పొగాచా అనే చిన్న ఉప్పు రొట్టెలు. బోర్లించి ఉన్న చీటీల్లోంచి ఆమె ఒకటి తీసింది. హంగరీలో భూదాసుల విముక్తి. తెలిసిన పాఠమే. గట్టు మీద ఎన్నోసార్లు చెప్పుకున్నదే. పక్క బల్ల దగ్గర కూర్చుని కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుంది.

ఎదురుగా కుర్చీలో కూర్చున్నాక చెప్పమన్నారు. యోలాన్ నోరు తెరిచింది. ఏమీ రాలేదు.

చరిత్ర మాస్టారు సాయం చేయబోయి, ఏ సంవత్సరంలో జరిగిందో చెప్పండి చాలు, అక్కణ్నుంచి నేను అందిస్తాను అన్నాడు. ఆమెకి సంవత్సరం తెలుసు. నాలుక కదల్లేదు. మేస్త్రి వేళ్లు తలుపు మీద టకటకలాడుతున్నట్టు, ఆరంకా గొళ్లెం తీస్తున్నట్టు చెవుల్లో చప్పుడు. టీచరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. అధ్యక్షుడు పక్కకి వంగి ఏదో గుసగుసలాడి, తర్వాత ఆమె వైపు తిరిగాడు. ఆయన గొంతులో దయే ఉంది.

"చూడమ్మా, ఇంత వయసులో వచ్చి కూర్చోవడమే గొప్ప విషయం. ఇవాళ ఒంట్లో బాగోలేదని రాసుకుంటాం. అక్టోబరులో మళ్లీ కట్టుకోండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏం లేదు."

లేచి వెళ్లమనడం ఇంత మెత్తగా కూడా అనొచ్చని ఆమెకి అప్పుడే తెలిసింది. నిజానికి లేవాలనే ఉంది. చేతులు కుర్చీ అంచులు పట్టుకుని ఉన్నాయి. ఆ చేతుల్ని విడిపించడం ఆమె వల్ల కాలేదు.

"వద్దండీ" అంది. "నేను లేవను. కొంచెం ఆగండి. చెబుతా."

ఆగారు. ఆమె తేదీతో మొదలుపెట్టలేదు. వెట్టి దగ్గర మొదలుపెట్టింది. వారంలో ఏ రోజు దొర పొలానికి పోవాలో దొర మనిషి వచ్చి చెప్పేవాడనీ, ఇంటికొకరు కచ్చితంగా పోవాల్సిందేననీ, తమ పంట వానలో తడుస్తున్నా సరే దొర పంటే ముందు కోయాలనీ చెప్పింది. మాట మధ్యలో తెగుతోంది, మళ్లీ అతుక్కుంటోంది. పన్ను సంగతి తప్పు చెప్పింది. చట్టం పేరు గుర్తురాలేదు. సంవత్సరం మాత్రం వచ్చింది, పద్దెనిమిది వందల నలభై ఎనిమిది. మాస్టారు ప్రశ్న మీద ప్రశ్న అందిస్తూ పోయాడు. విముక్తి అందరికీ అందిందా అని అడిగితే, సొంత మడి లేనివాళ్లకి నేల రాలేదనీ, వాళ్లు మళ్లీ దొర దగ్గరికే కూలికి పోయారనీ చెప్పి ఆగింది. ఇంకేమైనా ఉందా అంటే, ఉంది గాని గుర్తులేదంది. అధ్యక్షుడు ఇక చాలన్నాడు.

సాయంత్రం అందర్నీ నిలబెట్టి ఫలితాలు చదివారు. యోలాన్ ప్యాసైంది, అట్టడుగు మార్కులతో. డోర్కాకి మంచి మార్కులొచ్చాయి, వచ్చి ఆమెని కౌగిలించుకుంది. సంతోషం రావాల్సిన చోట యోలాన్‌కి భయమే వచ్చింది. ఇప్పుడు ఇంటికి పోవాలి.

గుస్తావ్ గుమ్మం ముందు కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నమే ఇంటికి పంపేశారు. అధికారుల ఎదుటే మేస్త్రి ఇద్దరి పేర్లూ చదివి, వీళ్లకి ఊరి పని అక్కర్లేదట అని ప్రకటించాడు. ప్యాసయ్యానని ఆమె చెప్పింది. అతను తల ఊపాడు. "మరి బాలవాడి పని?" అని అడిగాడు. సెప్టెంబరు దాకా ఆగాలంది. అది కూడా పెద్ద టీచరమ్మ మాట మీద నిలబడితేనే. ఆరంకా ఉల్లిపాయ తరిగి రొట్టె ముక్కల మీద పెట్టి తెచ్చింది. ముగ్గురూ తిన్నారు.

మర్నాడు పొద్దున్నే బాలింత్ మేస్త్రి వ్యానులో వచ్చాడు. లోపలికి రాలేదు, కంచె అవతలే నిలబడ్డాడు. కోపంగా కూడా లేడు. మేయరుగారు కనికరించారన్నాడు. ఇద్దరూ వచ్చి మేయరు ఆఫీసు ఆవరణలో, పనివాళ్లందరి ముందూ, తప్పయిపోయింది, ఇంకెప్పుడూ ఇలా చేయం అంటే పేర్లు మళ్లీ ఎక్కిస్తారట.

"అనడానికేముందే, రెండు ముక్కలు. నోరు నొప్పెడుతుందా?" అన్నాడు ఆమెతో. "అనేసి చీపురు పుచ్చుకో."

గుస్తావ్ అప్పటికే లోపలికెళ్లి బూట్లు తెచ్చుకుని అరుగు మీద కూర్చుని తాళ్లు కట్టుకుంటున్నాడు. వీధిలో రెండు మూడు తలుపులు తెరుచుకున్నాయి. పక్కింటి ముసలామె బకెట్టు పట్టుకుని కదలకుండా నిలబడింది. యోలాన్‌కి సెప్టెంబరు ఎంత దూరమో, ఇంట్లో ఏముందో, ఏం లేదో అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. నాలుక మళ్లీ బరువెక్కుతున్నట్టనిపించింది. అందుకని తొందరగా మాట్లాడింది.

"నేను తప్పేం చేయలేదు మేస్త్రీ. నేను రాను."

మేస్త్రి విననట్టే గుస్తావ్ వైపు చూశాడు.

"నీ సంగతేంట్రా? పెళ్లాం కొంగు పట్టుకుని కూర్చుంటావా?"

గుస్తావ్ లేచాడు. ఒక బూటు తాడు కట్టి ఉంది, రెండోది నేల మీద జీరాడుతోంది. యోలాన్ అతన్ని పిలవలేదు, ఆపలేదు. అతను గేటు దాకా నడిచి, గొళ్లెం మీద చెయ్యి వేసి, అలాగే నిలబడిపోయాడు. మేస్త్రి ఇంజను ఆపకుండా వదిలేసిన వ్యాను వీధిలో గురగురమంటూనే ఉంది. గుస్తావ్ గొళ్లెం తీయనూ లేదు, దాని మీంచి చెయ్యి తీయనూ లేదు.