పదకొండు పేర్ల కుర్చీ

మెట్ల మీద జారిపడి రెండేళ్లయింది, బోర్డులు రాసే పెయింటర్ వాళ్లక్క ఇంతవరకూ గడప దాటలేదు. తల్లి పోయాక అతన్ని పెంచి పెద్దచేసిన మనిషి. వీధి చివరిదాకా వెళ్లి నలుగురి మొహాలు చూడాలన్నదే ఆవిడ కోరిక, దానికో చక్రాల కుర్చీ కావాలి. సేవాసంఘానికి బోర్డు రాస్తూ పెయింటర్ ఆ మాట అధ్యక్షుడి చెవిన వేశాడు. ఆయన అక్కడికక్కడే కరిగిపోయాడు. ఉన్నవాళ్లు లేనివాళ్లకు పెట్టకపోతే ఇక మనిషి పుట్టుకెందుకని అరగంట దంచి, కుర్చీ తెప్పించాడు. దాని మీద దాతల పేర్లు మాత్రం ఊరికే రాసిపెట్టమన్నాడు.

దాతలు పదకొండు మంది. కుర్చీ వెనకవైపు రాస్తానన్నాడు పెయింటర్. ఫొటో ముందునుంచి కదా తీసేది, వెనక రాస్తే ఎవడికి కనపడుతుందని కార్యదర్శి కసిరాడు. సరే, మీ ఇష్టమని వీపు ఆనించే చోటే రాశాడు. అంతటితో ఊరుకున్నారా? కార్యదర్శి పేరు తన పేరుకన్నా వెంట్రుకవాసి లావుగా ఉందని అధ్యక్షుడు మొహం మాడ్చుకున్నాడు. సభ రోజు పొద్దున్నే తన పేరు చెరిపించి మళ్లీ రాయించాడు. ఒక రోజన్నా ఆరాలి సార్ అంటే, కుర్చీ అడిగినవాళ్ల జాబితాలో ఇంకా ఇద్దరున్నారు, మీ అక్కకు వద్దా అని నవ్వాడు. పెయింటర్‌కు ఒళ్లు మండింది. ఏం చేస్తాడు, అవసరం తనది.

సభలో అక్కను మోసుకొచ్చి కుర్చీలో కూర్చోబెడుతూ, వీపు ఆనించొద్దని చెవిలో చెప్పాడు. పాపం ఆవిడ గంటన్నర కర్రలా నిటారుగా కూర్చుని, దయాగుణం గురించి పదకొండు ఉపన్యాసాలు విన్నది. తీరా ఫొటో వేళకు ఆవిడ అడ్డం, పేర్లు కనపడవు.

"కాస్త లేచి పక్కన నిలబడమ్మా," అన్నాడు అధ్యక్షుడు.

"నిలబడగలిగితే నాకీ కుర్చీ ఎందుకు బాబూ?" అంది అక్క.

అయినా ఇద్దరు దాతలు చెరో రెక్కా పట్టుకుని లేపారు, నవ్వమన్నారు, ఫొటో కాగానే వదిలేశారు. ఆవిడ వెనక్కి కూలబడింది. మళ్లీ సర్దుకునేసరికి అధ్యక్షుడి పేరు సగం ఆవిడ బట్టలకు అంటుకుని ఉంది. దెబ్బ తగిలిందా అని ఆయన అడిగితే ఒట్టు.

"నా పేరు పోయింది. కుర్చీ ఇక్కడే ఉంచు. మళ్లీ రాశాక ఇంకో సభ పెట్టి ఇద్దాం," అన్నాడు.

పెయింటర్ సంచిలోంచి టర్పెంటైన్ సీసా, పాత గుడ్డా తీశాడు. అక్కను కాస్త ముందుకు వంగమని, అలుక్కుపోయిన పేరు తుడిచాడు. పక్కదానికీ మరక పడింది సార్ అంటూ అదీ తుడిచాడు. రాసిన చేతికి చెరపడం ఎంతసేపు? పదకొండూ పోయాయి.

"ఎండలో ఆరితేగానీ మళ్లీ రంగు పట్టదు సార్," అని, అక్కతో సహా కుర్చీని గేటు దాటించాడు. వెనకనుంచి ఎవరో పిలుస్తూనే ఉన్నారు.

వీధిలోకి వచ్చాక అక్క హాయిగా వెనక్కి వాలింది.

"ఎప్పటికి ఆరుతుందిరా ఇది?"

"నీకు దిగాలనిపించేదాకా ఆరదక్కా."

"అయితే ఆ చివరిదాకా పోనీ," అంది.