లాంతరు కంపెనీ సినిమాలు, నా కడుపుమంట

లాంతరు కంపెనీ సినిమాలంటే మా వాడలో పిల్లలు ప్రాణం పెట్టేవారు. నాకు మాత్రం ఒక్కటీ నచ్చలేదు. గుడ్లగూబ రైలు నడిపే సినిమా ఒకటి ఉంది. పగలంతా అది నిద్రపోతుంది, రైల్లో ఉన్నవాళ్లంతా నోరు మూసుకొని కూర్చుంటారు. ఒక్కరంటే ఒక్కరు దిగి ఇంకో బండి చూసుకోరు. బొమ్మలు కాకుండా నిజం మనుషులున్న సినిమా ఇంకోటి. తెల్లగడ్డం తాత అయిదుగురు మనవలను పడవలో వేసుకొని సముద్రమంతా తిప్పుతాడు. మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా ఎవరూ పొయ్యి ముట్టించరు. పిల్లలు ఏం తిని బతికారో ఆ కంపెనీకే తెలియాలి. ఇక ఎలుగుబంటి సినిమా అయితే తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది. దాని సంగతికి వస్తాను.

సిద్దిపేటలో మాది బీడీలు చేసే వాడ. వంటలు అయ్యాక ఆడవాళ్లంతా చాటలు పట్టుకొని మా అరుగు మీదికి వచ్చేవాళ్లు. ఆకు కత్తిరించేవాళ్లు కత్తిరిస్తూ, చుట్టేవాళ్లు చుడుతూ, చెవులు మాత్రం నాకు అప్పగించేవాళ్లు. కథ చెప్పేది నేను. మా అమ్మ తర్వాత ఆ పని నాకు వచ్చింది. కథ చెప్పేదాని చెయ్యి సరిగ్గా ఆడదు కదా, మాట మీద ధ్యాస పెడితే ఆకు జారిపోతుంది. అందుకని లేచి వెళ్లేటప్పుడు ఒక్కొక్కరు తమ చాటలోంచి పిరికెడు, అంటే గుప్పెడు, బీడీలు తీసి నా చాటలో వేసేవాళ్లు. దాన్ని కథ పిరికెడు అనేవాళ్లం. ఆ పిరికెళ్లతో నేనేం మేడలు కట్టలేదు. కానీ అది ఎవరి చాటలో పడితే వాడలో కథ వాళ్లది. నాకు కావలసింది ఆ పేరు.

మా ఎదురిల్లు హుస్నాబీది. పక్కపక్కన కూర్చొని బీడీలు చుట్టిన స్నేహం మాది. ఆమె మొగుడు నిస్సార్ సౌదీలో, దమ్మాంలో ఒక షావుకారు ఇంట్లో డ్రైవరు. సెలవుకు వచ్చినప్పుడు రంగుల టీవీ, వీసీఆర్ మోసుకొచ్చాడు. షావుకారు పిల్లలు పెద్దవాళ్లయిపోయి వాళ్లు చూసిన క్యాసెట్లు ఇంట్లో మూలన పడి ఉంటే, వాటినీ సంచిలో వేసుకొచ్చాడు. అన్నీ ఒకే కంపెనీవి. ప్రతి సినిమా ముందు చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి లాంతరు వెలిగిస్తుంది. ఆ వెలుతురు పడగానే పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. మా వాడ తలుపుల నిండా సుద్దముక్కతో లాంతర్లు గీశారు. నా తలుపు మీద గీసింది నా బిడ్డ రాజమణే.

హుస్నాబీ చెడ్డది కాదు. చెడ్డదైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు, నాలుగు తిట్టి చేతులు దులుపుకునేదాన్ని. ప్రతి ఆదివారం సినిమా వేసి, అందరినీ నవ్వుతూ పిలిచి చాప వేసి కూర్చోబెట్టేది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు. మొదటి ఆదివారం మా అరుగు మీద నేనూ, ముసలి యాదవ్వా మిగిలాం.

"నువ్వన్న ఉన్నవ్, నయం" అన్నాను.

"నాకు కండ్లు సక్కగ కనవడయి గాని, లేకుంటే నేను గూడ గాడనే ఉందును" అంది యాదవ్వ.

కాసేపటికి రాజమణి పరుగెత్తుకొచ్చింది. మా దగ్గర అమ్మను అవ్వ అంటారు. "రా అవ్వా! అండ్ల ఏం మాట్లాడుతున్రో ఒక్కలకు గూడ సమజైతలేదు. అంత ఇంగ్లీషే. నీకైతే ఎరుకైతది."

నాకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా వెళ్లాను. ఎందుకు వెళ్లానో దాచుకోవలసిన పని లేదు. ఆ సినిమాను చెడగొడదామనే వెళ్లాను. పిచ్చి కథ ఏదో చెప్తే పిల్లలు విసుగొచ్చి మళ్లీ నా అరుగెక్కుతారు కదా అనుకున్నాను. వినడానికేం కళ్లు అక్కర్లేదని యాదవ్వ కూడా నా వెనకాలే వచ్చింది.

"రా అక్కా, కూసో. మా ఆయనకు గూడ ఇంగ్లీషు రాదు. నువ్వే చెప్పాలె" అని హుస్నాబీ టీవీ పక్కన పీట వేసింది.

గుడ్లగూబ నోరు తెరిచింది, నేను మాట అందుకున్నాను. చెడగొడదామనే కూర్చున్నాను కానీ, కథ నోట్లోకి వచ్చాక దాన్ని చెడగొట్టడం నాకు చేతకాదు. గుడ్లగూబ పగలు నిద్రపోవడం లేదన్నాను. దాని పెండ్లాం పట్టాల మీద చచ్చిపోయిందని, ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి తెరవలేకపోతోందని, ఆ దుఃఖం తెలుసు గనకనే రైల్లో ఎవరూ దిగడం లేదని చెప్పాను. ఆడవాళ్లు కొంగులు కళ్లకు ఒత్తుకున్నారు. ఆకు కత్తిరించే కత్తెరలు ఆగిపోయాయి. నాకు లోపల ఎంత సంబరమయిందో చెప్పలేను.

సినిమా అయిపోయింది. అందరూ లేచారు. నేను నా చాట కొంచెం ముందుకు జరిపాను. వాళ్లు నన్ను దాటి వెళ్లి, పిరికెళ్లు తీసి హుస్నాబీ చాటలో వేశారు.

హుస్నాబీ బిత్తరపోయింది. "నాకెందుకు?"

"కథ చెప్పింది నీ టీవీ గద. పద్ధతి పద్ధతే" అంది యాదవ్వ.

సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. హుస్నాబీ చాట నా ముందుకు తెచ్చి, "సగం తీస్కో అక్కా" అంది. నాకు చేతుల్లేవా చుట్టుకోవడానికి అని లేచి వచ్చేశాను. ఇంటికి వచ్చి చూస్తే తలుపు మీద లాంతరు బొమ్మ. తడిబట్టతో తుడిచేశాను.

మానేయవచ్చు కదా అంటారు. ఎలా మానేస్తాను? నేను మానేస్తే వాడలో ఇక కథ నాది కాదని ఒప్పుకున్నట్టే. ప్రతి ఆదివారం వెళ్లాను. పడవ తాతకూ కథ కట్టాను. ఆయన అసలు వాళ్ల తాతే కాదని, పిల్లలు తప్పిపోయిన వరదలో ఆయన సొంత మనవలు కొట్టుకుపోయారని చెప్పాను. అందరూ ఏడ్చారు. ఏడ్చి, ముక్కులు తుడుచుకొని, "లాంతరు కంపెనోళ్లు ఎంత మంచిగ తీసిన్రే!" అంటూ పిరికెళ్లన్నీ హుస్నాబీ చాటలో పోశారు. ఆ కంపెనీవాళ్లు ఎక్కడుంటారో నాకు తెలియదు. తెలిస్తే వెళ్లి వాళ్ల లాంతరు పగలగొట్టేదాన్ని.

అప్పుడు వచ్చింది ఎలుగుబంటి సినిమా. అడవిలో జంతువులకు క్షవరం చేసే ఎలుగుబంటి అది. జూలు పోయిందని సింహం ఏడుస్తుంటే పిల్లలు పడిపడి నవ్వారు. పొద్దుగూకాక ఎలుగుబంటి కత్తిరించిన వెంట్రుకలన్నీ సంచిలో కూరుకొని గుట్ట ఎక్కింది. గుట్ట మీద గుడిసె. లోపల లాంతరు వెలుతురు. ఎలుగుబంటి తలుపు మీద చెయ్యి వేసింది, అంతలో కరెంటు పోయింది.

మా దగ్గర కరెంటు పోవడం వింత కాదు. కానీ ఆ రోజు దేవుడు నా కోసమే తీశాడనుకున్నాను. టీవీ నల్లగా ఉంది, గదిలో నా గొంతు ఒక్కటే ఉంది. ఇప్పుడు చెప్తే ఇది నా కథ అని గుడ్డివాళ్లకు కూడా తెలుస్తుంది.

"తలుపు తీసెవరకు లోపల ఎవలున్నరు?" అన్నాను. "వాని బిడ్డ. పుట్టినకాడికెల్లి దాని ఒంటి మీద ఒక్క వెంటిక లేదు. సలికి వణుక్కుంట మూలకు కూసున్నది. గందుకే వాడు దేశమంత తిరిగి గిన్ని వెంటికలు జమ జేస్తుండు, బిడ్డకు పరుపు కుట్టెతందుకు."

చెప్తూ చెప్తూ నేనే కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. అంత బాగా కుదిరింది. ఎవరో ఒకరు అయ్యో అంటారని చూశాను.

"కరెంటు రాలేదు గద. చూడకుండ నీకెట్ల ఎరుక?" అంది ఒక పిల్ల.

యాదవ్వ అందుకుంది. "ఆగరాదు అనసూర్యా. కరెంటు వచ్చినంక చూసే చెప్పు. ఉత్తగ పిల్లలను ఎందుకు ఆగం జేస్తవ్?"

కరెంటు వచ్చింది. గుడిసెలో ఎవరూ లేరు. ఎలుగుబంటి ఆ వెంట్రుకలన్నీ పరుపులో కూరి, దాని మీద వెల్లకిలా పడి, పొట్ట ఎగిరెగిరి పడేలా గురక పెట్టింది. లాంతరు ఆరిపోయింది. సినిమా అయిపోయింది. అంతే. అంత కంపెనీ, అన్ని రంగులు, ఎంతమంది పనిచేశారో ఏమో, చివరికి ఎలుగుబంటిని పడుకోబెట్టి చేతులు కడుక్కున్నారు. నేను చెప్పినదానికీ దానికీ పోలికేమన్నా ఉందా? కానీ గది గదంతా నన్ను చూసి నవ్వింది.

"తప్పు చెప్పింది! తప్పు చెప్పింది!" అని పిల్లలు గంతులు వేశారు.

ఇక నేను ఆగలేకపోయాను. "ఇన్నొద్దులు చెప్పింది గూడ నేనే! గా గుడ్లగూబ పెండ్లాం నాది, గా తాత మనవలు నా మనవలు! గీ డబ్బా మీకేం చెప్పలే!" అని అరిచాను.

"అయితే సినిమా గూడ నువ్వే తీసినవా?" అంది యాదవ్వ.

ఆడవాళ్లు చాటలు పక్కన పెట్టి మరీ నవ్వారు. నేను రాజమణి వైపు చూశాను. మా అవ్వ చెప్పింది నిజమే అని అదైనా అంటుందేమోనని. అది హుస్నాబీ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వుతోంది. అందరి నవ్వూ ఒక ఎత్తు, అది నవ్వడం ఒక ఎత్తు. ఇంటికి వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాను. మా ఆయన సారయ్య కల్లు గీసి వచ్చి, "ఏమైందే, గట్ల కూసున్నవ్?" అని అడిగాడు.

"ఎలుగుబంటి పండుకున్నది" అన్నాను.

"ఏడ?" అని ఆయన ఇల్లంతా చూశాడు.

తర్వాతి ఆదివారం తలనొప్పి అని తలకు గుడ్డ కట్టుకొని పడుకున్నాను. రాజమణి నా వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది. నేను లేకపోతే వాళ్ల సంగతేమిటో చూద్దామనుకున్నాను. మూగబొమ్మలను ఎంతసేపు చూస్తారు? ఎవరో ఒకరు వస్తారు, బతిమాలుతారు, ఒకటికి రెండుసార్లు పిలిపించుకొని అప్పుడు లేస్తాను. తలుపు కొంచెం తెరిచే ఉంచాను. ఎవరూ రాలేదు.

ఎదురింట్లోంచి నవ్వులు వినిపించాయి. నవ్వుకైతే ఓర్చుకునేదాన్ని, బొమ్మలు చూసి ఎవరైనా నవ్వుతారు. కానీ కాసేపటికి నవ్వులు ఆగి అంతా సద్దుమణిగింది. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. ఆకు మీద చేతులు ఆగిపోయి, అందరూ ఒక్క గొంతు వినేటప్పుడు వచ్చే నిశ్శబ్దం అది. ఇన్నేళ్లు మా అరుగు మీద నేను తెప్పించిన నిశ్శబ్దం. తలగుడ్డ పీకేసి వీధి దాటి హుస్నాబీ కిటికీ దగ్గరికి వెళ్లాను.

మళ్లీ ఎలుగుబంటి సినిమానే వేసుకున్నారు. టీవీ పక్కన నేను కూర్చునే పీట మీద రాజమణి కూర్చుంది. ముచ్చట రుచిగా ఉన్న చోట నేను ఆగుతానే, అలాగే ఆగుతోంది. నేను ఎక్కడ గొంతు తగ్గిస్తానో అక్కడే తగ్గిస్తోంది. కన్నబిడ్డ మీద కుళ్లుకునే తల్లి ఉంటుందా అంటే, ఉంటుంది. నేనున్నాను. ఎలుగుబంటి గుట్ట ఎక్కింది, గుడిసె తలుపు తీసింది, పరుపు కూరి దాని మీద పడింది. ఇక్కడ దీని పని అయిపోతుందిలే అనుకున్నాను. పడుకున్నదాని గురించి ఎవరేం చెప్పగలరు?

"వాడు పండుకున్నడనుకుంటున్రా?" అంది రాజమణి. "పండుకోలే. వాని బిడ్డకు ఒంటి మీద ఒక్క వెంటిక లేదని మా అవ్వ చెప్పింది గద. గా పిల్ల ఇంకా ఇంటికి రాలే. అది వచ్చెవరకు పరుపు వెచ్చగ ఉండాలని వాడు దాని మీద ఒరిగిండు. అగో, లాంతరు గూడ ఆరిపోయింది. చీకట్ల పిల్లకు దారెట్ల దొరకాలె? గందుకే గట్టిగ గురక పెడుతుండు. గది దొంగ గురక. గా సప్పుడు పట్టుకొని పిల్ల ఇంటికి రావాలె."

ఎట్ల ఎరుక అని ఎవరూ అడగలేదు. హుస్నాబీ ముక్కు చీదింది. యాదవ్వ తన చాటలోంచి పిరికెడు తీసి పట్టుకొని, హుస్నాబీ చాట వైపు కాకుండా, తడుముకుంటూ రాజమణి ఒడి వైపు చెయ్యి చాపింది.

నాకు ఇది ఎందుకు తట్టలేదు? గురక నేనూ విన్నాను, లాంతరు ఆరడం నేనూ చూశాను. దాన్ని రెక్క పట్టుకొని ఇంటికి లాక్కుపోదామని, అంట్లు తోమకుండా ఇక్కడేం పని అని తిడదామని లోపలికి దూసుకెళ్లాను. అందరూ నా వైపు తిరిగారు. నోరు తెరిచాను.

"మరి గా పిల్ల ఏడికి పోయిందే?" అన్నాను.

రాజమణి నా వైపు తిరగలేదు. ఏమీ లేని టీవీ అద్దం వైపు చూస్తూ, "చెప్త. కూసో అవ్వా" అంది.

గడప దగ్గర, పిల్లల వెనక కొంచెం జాగా ఉంటే అక్కడ కూర్చున్నాను.