అద్దానికి ఇవతల

గోడలకు చెవులుంటాయని సామెత. మా సైకాలజీ డిపార్ట్‌మెంటులో గోడకు కళ్ళు కూడా ఉన్నాయి. ప్రాక్టికల్ గదిలో కూర్చున్నవాళ్ళకు అది పెద్ద అద్దం. ఇవతల చీకటి గదిలో కూర్చున్న మాకు అదే కిటికీ, లోపలి మాటలు స్పీకరులో వినబడతాయి. లోపల ఒకరు కౌన్సిలింగ్ చేస్తుంటే మిగతావాళ్ళం ఇక్కడినుంచి చూసి నేర్చుకోవాలి. ఏం నేర్చుకున్నామో చెప్పలేను గానీ, మనం కనబడకుండా ఎదుటివాళ్ళను చూడటంలో ఒక రుచి ఉంది. అది మాత్రం అందరికీ బాగా పట్టింది.

ఆ రోజు లోపలికి వెళ్ళింది అక్క. మా పీహెచ్‌డీ బ్యాచ్‌లో అందరికంటే పెద్దది, అందుకే అందరికీ అక్క. చాలా ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి, పిల్లలను ఒక దారిలో పెట్టి, అప్పుడు తన చదువుకు వచ్చింది. మొదటిసారి ప్రాక్టికల్ తప్పింది. ఏడుస్తున్న క్లయింటును చూడలేక లేచి వెళ్ళి మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చిందని మార్కులు కోసేశారు. కౌన్సిలర్ ఏడుపును వినాలి గానీ ఆపకూడదట. ఈసారి కూడా తప్పితే కోర్సు నుంచి పంపించేస్తారు. థీసిస్ సగం రాశానన్నా వినరు. మూటాముల్లె సర్దుకోవడమే.

పరీక్షకు వచ్చే క్లయింటు నిజం క్లయింటు కాదు, నాటకాల్లో వేషాలు వేసే ఒకావిడ. మేడమ్ రాసిచ్చిన కేసును ముందే చదువుకుని వచ్చి, మా ముందు అచ్చంగా ఏడ్చి వెళ్తుంది. కేసు ఏమిటన్నది మాకు ముందుగా తెలియనివ్వరు. ఇక మేడమ్ అంటే మా గైడూ ఆవిడే, ఎగ్జామినరూ ఆవిడే, వారం వారం మా గ్రూపు నడిపేదీ ఆవిడే. వెన్నపూసలాంటి గొంతు. ఆ గొంతు హెచ్చగా ఎవరూ వినలేదు. ఒక్కసారి గట్టిగా తిట్టినా బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది.

గ్రూపు సంగతి కూడా చెప్పాలి. అందరం గుండ్రంగా కూర్చుని మా మా గాయాలు విప్పి చెప్పుకోవాలి. తన మనసు తెలియనివాడికి ఎదుటి మనసు తెలియదని సిలబస్ వేదాంతం. నోరు విప్పకపోతే గ్రేడు పోతుంది. మేమేం తక్కువ తిన్నామా. నేను చిన్నప్పుడు చచ్చిపోయిన కుక్కపిల్లను తలుచుకుని నాలుగు కన్నీటి బొట్లు రాల్చి గట్టెక్కాను. నా పక్కన కూర్చునే పొడుగువాడు జన్మలో జరగని ప్రేమకథ ఒకటి అల్లి అందరికంటే మంచి గ్రేడు కొట్టేశాడు. పిచ్చిది, అక్క ఒక్కతే నిజం చెప్పింది.

వాళ్ళ అమ్మకు మతిమరుపు జబ్బు. చూస్తుండగానే వీధిలోకి వెళ్ళి దారి తప్పేది. క్లాసులున్న రోజుల్లో అక్క ఆమెను గదిలో ఉంచి, బయట తాళం పెట్టి వచ్చేది. ఒకరోజు ఇంటికి వెళ్ళి తాళం తీసింది గానీ తలుపు తెరుచుకోలేదు. తలుపుకు అడ్డంగా అమ్మ ప్రాణం లేకుండా పడి ఉంది. చాలాసేపు దబదబమని చప్పుడు వినబడిందని, ఎవరో మేకులు కొట్టుకుంటున్నారని అనుకున్నామని పక్కింటివాళ్ళు చెప్పారట. ఆ రోజు మా క్లాసు, ఎదుటివారు చెప్పేది శ్రద్ధగా వినడం ఎలా అన్న విషయం మీద.

ఇదంతా చెప్పి అక్క మావైపు చూసి, "నా తప్పేనంటారా?" అని అడిగింది.

ఊరడించకూడదని, ప్రశ్నను అడిగినవాళ్ళకే తిప్పి ఇవ్వాలని మాకు శిక్షణ. "మీ తప్పేమోనని మీకు అనిపిస్తోంది," అన్నాడు పొడుగువాడు. మేడమ్ మెచ్చుకోలుగా తల ఊపింది. అది చూసి మిగతావాళ్ళం కూడా వరసగా అదే మాట అప్పజెప్పాం. ఒక్కరమైనా ‘కాదు అక్కా’ అనలేదు. గ్రూపులో మాట గ్రూపు దాటదని మేడమ్ భరోసా ఇచ్చి పంపించింది.

ఇప్పుడు ప్రాక్టికల్ గదిలో నటి కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. కొంగు వేలికి చుట్టుకుంటూ మొదలుపెట్టింది.

"ఏం చెప్పనండీ. మా అత్తగారికి మతి ఉండేది కాదు. తలుపు తీసుంటే చాలు, వెళ్ళిపోయేది. ఆవిణ్ణి గదిలో పెట్టి తాళం వేసేసి, నేను సినిమాకి పోయాను."

అమ్మ అత్తగారైంది, క్లాసు సినిమా అయింది. వివరాలు మార్చి వాడుకోవాలన్నది మా వృత్తి ధర్మం కదా, మేడమ్ ధర్మం తప్పలేదు. ఆవిడ చేతులు కట్టుకుని అద్దానికి దగ్గరగా జరిగి, "తన బాధ తను మోయగలదో లేదో చూద్దాం," అంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. నాకు ఒళ్ళు మండింది. మండి ఏం లాభం, కన్ను మాత్రం తిప్పుకోలేదు.

అక్క ముఖంలో నెత్తుటి చుక్క లేదు. అయినా కుర్చీలోంచి కదలలేదు. "ఇంటికి వచ్చాక ఏం జరిగింది?" అని అడిగింది.

నటి మంచి పనిమంతురాలు. "లోపలినుంచి ఇలా కొడుతూనే ఉందట," అంటూ వేళ్ళు ముడిచి బల్ల మీద కొట్టి చూపించింది. అక్క ఆ వేళ్ళనే చూస్తూ ఉండిపోయింది. "ఆ చప్పుడు మీకు ఇప్పటికీ వినబడుతోంది," అంది. అలాంటి మాట పాఠ్యపుస్తకంలో కూడా దొరకదు. మేడమ్ మార్కు వేసుకుంది.

"నా తప్పేనాండీ?" అని ఏడ్చింది నటి.

"మీ తప్పేమోనని మీకు అనిపిస్తోంది," అంది అక్క చివరికి. గట్టెక్కిందిరా దేవుడా అనుకున్నాను. మేడమ్ కూడా నవ్వింది. ఇక పరీక్ష ముగిసినట్టు గంట కొట్టడమే మిగిలింది.

నటికి ఒక అలవాటు నేర్పారు. వేషం మనసుకు అంటుకోకుండా, ఆఖరున తన సంగతి తను చెప్పుకుని పాత్రను దులిపేసుకోవాలి. ఆవిడ కళ్ళు తుడుచుకుని, భుజాలు విదిలించుకుని, "నేను ఆవిడ్ని కాదు. నాకసలు అత్తగారే లేదు. మా అమ్మ ఇంట్లో టీవీ చూస్తోంది," అని హాయిగా నవ్వింది. అక్క చెయ్యి పట్టుకుంది. "ఎవరు రాశారో గానీ, చదువుతుంటేనే కంపరమెత్తిందండీ. ఇలాంటి మనుషులు నిజంగా ఉంటారంటారా?"

అక్క చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఉంటారమ్మా. నేనే. అత్తగారు కాదు, మా అమ్మ. సినిమాకి కాదు, ఇక్కడికే, క్లాసుకి వచ్చాను."

చెయ్యి వెనక్కి తీసుకున్నది నటి. అప్పుడు గంట మోగింది.

తీర్పు వినడానికి అందరం లోపలికి వెళ్ళాం. మేడమ్ అక్క పక్కన కుర్చీ వేసుకుని, ఆప్యాయంగా భుజం మీద చెయ్యి వేసింది.

"ఎంత బాగా చేశావమ్మా. కానీ ఆఖరి నిమిషంలో నీ సొంత గోడు తెచ్చి క్లయింటు మీద పెట్టావు. అది హద్దు దాటడం. నేను పాస్ చేయలేను."

"అప్పటికి ఆవిడ వేషం వదిలేసింది మేడమ్."

"గంట కొట్టలేదు కదమ్మా."

"నా గోడు ఈ గదిలోకి తెచ్చింది నేను కాదు."

"నువ్వు కాదని నీకు అనిపిస్తోంది," అంది మేడమ్, అదే వెన్నపూస గొంతుతో. తరువాత మావైపు తిరిగింది. తోటివాళ్ళ అభిప్రాయం కూడా రికార్డులో ఉండాలట.

పొడుగువాడు గొంతు సవరించుకుని, హద్దు దాటినట్టే ఉందన్నాడు. తక్కినవాళ్ళు నేల చూస్తూ అవునన్నారు. అక్క ఎవరినీ చూడలేదు, నన్నే చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు. ఊరికే వింటోంది, అంతే.

"దాటింది మేడమ్," అన్నాను.

అక్క సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆ తరువాత వంతు నాది. నేను పాసయ్యాను. ఎదుటివారి బాధను వినే నేర్పు నాలో చక్కగా ఉందని మేడమ్ రాసింది.