పంటు మీద సెంటర్ స్టాండు

పక్క స్టాండు చాలదంటాడేంటి వీడు, ఇనప రేకు మీద జారిపోతుందట, గోదారి దాటించే ఇదే పంటు మీద ఇదే బుల్లెట్టుని ఎన్నిసార్లు పక్క స్టాండు మీద వాల్చలేదు నేను, ఛ, నాలో నేనే అబద్ధాలాడుకోవడం ఏంటి, ఎప్పుడూ సెంటర్ స్టాండే వేసేవాణ్ణి, ఒక్క తొక్కుతో, సఖినేటిపల్లి రేవులో ఉన్న జనమంతా తలతిప్పి చూసేలాగా, అదంతా కిందటేడు దాకా, అప్పటి కాలు వేరు, మాష్టారండీ గోదారి పోటు మీదుందండి, మజ్జకెళ్ళేతలికి ఊపేత్తాది, సెంటర్ స్టాండేసెయ్యండి అని పంటు నడిపే ఏసురాజు మళ్ళీ కేకేశాడు, మోకు చుట్టుకుంటూ, వాడికేం, వాడి కాళ్ళు చూడు, మోకాళ్ళ దాకా బురదే గానీ రెండూ ఒకే లావు, ఈ మధ్య నాకు మనుషుల మొహాలు కనపడడం మానేశాయి, ఎవరెదురైనా ముందు కాళ్ళ వంకే చూస్తున్నాను, రెండూ ఒక్కలాగే ఉన్నాయా లేదా అని, స్కూల్లో పిల్లల్ని వరసలో నిలబెట్టి అటెన్షన్ అని అరిచి నేను చూసేది వాళ్ళ వరస కాదు, వాళ్ళ చీలమండలు, ఏంటి బుల్లిరాజు మాష్టారూ, డ్రిల్లు చేయిస్తున్నారా నేల మీద ఏమైనా వెతుకుతున్నారా అని హెడ్మాష్టారు నవ్వుతూనే అడిగాడు, నవ్వుతూ అడిగినవే నాకు భయం.

అసలు ఈ బండి చేసినవాడికి ఎడమకాలి మీద ఏం కోపమో, కిక్కు కుడికాలు, గేరు కుడికాలు, స్టాండు తొక్కడానికీ కుడికాలే, ఎడమదానికి ఒక్క బ్రేకు పారేశాడు, ఖాళీ బండే నూట అరవై కిలోల పైమాట, దానికి తోడు రెండు వైపులా ఇనప పెట్టెలు, దూరాలు తిరగాలని నేనే రాజమండ్రిలో చేయించి బిగించుకున్నాను, శ్రీశైలం వెళ్ళొచ్చాను, అరకు ఘాటీ ఎక్కొచ్చాను, ఇప్పుడు ఆ పెట్టెల నిండా మాణిక్యం కొబ్బరికాయలు కుక్కింది, వెనక క్యారియరు మీద చక్కెరకేళీ గెల, నరసాపురంలో దాని చెల్లెలి కొడుక్కి అన్నప్రాశన, వట్టి చేతులతో వెళ్తామా ఏంటండీ అంది, నా భార్య ఏ ఊరు వెళ్ళినా తోటంతా మూటగట్టుకుపోతుంది, ఇప్పుడు పక్కనే నిలబడింది, చేతిలో బూరెల క్యారేజీ, కొంగు గాలికి ఎగరకుండా బొడ్లో దోపుకుని నన్నే చూస్తోంది, ఎందుకు చూస్తోంది, మొహం చూస్తోందా, కాలు చూస్తోందా, దానికి తెలియదులే, అయిదు నెలలుగా తెలియకుండానే నెట్టుకొస్తున్నాను, స్నానాల గదికి గడియ వేసుకుంటున్నాను, పడుకునేటప్పుడు లుంగీ పాదాల దాకా లాక్కుంటున్నాను, పొద్దున లేచేసరికి దిండు పాదాల కింద ఉంటోంది, నిద్రలో తన్నుకుంటున్నట్టున్నాను, ఇంట్లో కూడా మేజోళ్ళేంటండీ అంటే అరికాళ్ళు మండుతున్నాయన్నాను, తెలియదు, తెలియకూడదు, ఈ పంటు మీద ఇంతమంది ముందు అసలే తెలియకూడదు.

మొదట చలిజ్వరం, మూడు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి, గజ్జలో నిమ్మకాయంత బిళ్ళ కట్టింది, తొడ మీద ఎర్రటి చార, మూడో రోజుకి జ్వరం పోయింది, ఎండదెబ్బ అన్నాను, నెల తిరిగేసరికి మళ్ళీ అదే, ఈసారి జ్వరం పోయింది గానీ వాపు కుడి పాదంలో ఉండిపోయింది, పొద్దున్నకి తీస్తుంది, సాయంత్రానికి బూటు తాడు కట్టుకోనివ్వదు, వేలితో నొక్కితే గుంట పడుతుంది, ఆ గుంట పూడడానికి ఎంతసేపు పడుతుందో అంకెలు లెక్కపెడుతున్నాను, మొన్న పన్నెండుకి పూడింది, నిన్న పద్దెనిమిది, ఆ జబ్బు పేరు మాత్రం అనను, పైకీ అనను లోపలా అనను, గోదావరి జిల్లాల్లో పుట్టినవాడికి ఆ పేరు ఎవరూ చెప్పక్కర్లేదు, ఆసుపత్రి వాళ్ళు మా వీధికి రక్తం తీయడానికి వచ్చారు, రాత్రిపూటే తీయాలిట, పగలు ఆ పురుగులు రక్తంలో పైకి తేలవుట, నేను దొడ్డిదారిన పోయి వాళ్ళు వెళ్ళేదాకా కాలవగట్టు మీద కూర్చున్నాను, దోమల చేత కుట్టించుకుంటూ, ఏడిసినట్టుంది నా తెలివి, బోదకాలు, ఇదిగో అనేశాను, అయిపోయింది, రేపు బూటు పట్టదు, ఎల్లుండి ప్యాంటు పట్టదు, డ్రిల్లు మాష్టారు కుర్చీలో కూర్చుని విజిలూదుతాడు, పిల్లలు పేరు పెడతారు, ఏం పేరు పెడతారో కూడా నాకు తెలుసు, సరే, పేరు పెడితే ఎవడూ చచ్చిపోడు, మాణిక్యం ఏం చేస్తుంది, వదిలేసి పోదు, అన్నం పెడుతుంది, నీళ్ళు తోడి పెడుతుంది, ఒకరోజు ఏదో వంక చెప్పి పక్క తీసుకెళ్ళి ముందు గదిలో వేసుకుంటుంది, అంతే, నేనేమీ అడగలేను, అదేమీ చెప్పదు, ఆ రోజు చూడడం కంటే ఈ గోదాట్లో దూకడం నయం.

పంటు కదిలింది, ఇంజను మోతకి రేకు అదురుతోంది, బండి నా చేతుల్లో అంగుళం అటూ అంగుళం ఇటూ కొట్టుకుంటోంది, ఎంతసేపని ఇలా పట్టుకు నిలబడతాను, ఎడమ చెయ్యి హ్యాండిలు మీద, కుడి చెయ్యి సీటు వెనక గొట్టం మీద, కుడి పాదం స్టాండు కొమ్ము మీద, ఎత్తకూడదు, తొక్కాలి, ఎత్తినవాడికి నడుం పోతుంది, తొక్కినవాడికి బండి దానంతటదే లేస్తుంది, ఎంతమందికి నేర్పాను ఈ కిటుకు, ఒంటి బరువంతా ఆ ఒక్క పాదం మీద వదిలెయ్యాలి, నా చావంతా ఆ పాదంలోనే ఉంది, బండికి అవతల పక్క దీనమ్మ, ఎండుచేపలమ్ముకునే మనిషి, తట్ట ముందు పెట్టుకుని బారుగా కాళ్ళు చాపుకుని కూర్చుంది, కాస్త జరుగమ్మా అన్నాను, ఎక్కడికి జరగమంటారండి, గోదాట్లోకా అంది, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, నవ్వుతూనే తొక్కాను, అమ్మో, మడమ దగ్గర్నుంచి గజ్జ దాకా మంట జరజరా పాకింది, కళ్ళు బైర్లు కమ్మాయి, బండి సగం లేచి దబ్బున కూర్చుంది, అరవడానికి లేదు, దొంగకి తేలు కుట్టినట్టు పళ్ళు బిగబట్టి, రేకు తడిగా ఉంది రా ఏసురాజూ, బూటు జారుతోంది అన్నాను, తలపాగా చుట్టుకున్న ఒకాయన లేచి, ఉండండి మాష్టారూ నేనేత్తానండి అని వచ్చాడు, అక్కర్లేదు, నా బండి మీద చెయ్యి వెయ్యకండి అని కసిరాను, పాపం ఆయన మొహం మాడిపోయింది, ఏం చెయ్యను, సాయం చేసినవాడు ఊరుకోడు, మీకేమైందండి అని అడుగుతాడు, ఆ మాట మాణిక్యం వింటుంది.

మళ్ళీ పాదం పెట్టాను, ఈసారి మడమ కాదు, పాదం మధ్య భాగం, అక్కడ నొప్పి తక్కువేమోనని, అప్పుడే మధ్యకి వచ్చేశాం, పోటు అల వచ్చి గుద్దింది, పంటు ముక్కు లేచి పడింది, బండి నా చేతుల్లోంచి అవతలికి ఒరిగిపోయింది, ఓరి నాయనో, దీనమ్మ మోకాళ్ళు అక్కడే ఉన్నాయి, బాబోయ్ మీద పడిపోతందండీ అని కేక పెట్టింది, తట్ట అడ్డం వచ్చి లేవలేకపోతోంది, నేను వెనక్కి లాగుతున్నాను, లాగాలంటే కుడికాలు నేలకి తన్నిపెట్టాలి, పెడుతుంటే మడత పడిపోతోంది, నా కాలు నా మాట వినడం లేదు, మూడొందల మంది పిల్లలు నా విజిలుకి కదులుతారు, ఈ ఒక్క కాలు కదలదు, అయిపోయింది, ఒక మనిషి కాళ్ళు విరగ్గొట్టి మరీ నా కాలి సంగతి లోకానికి తెలుస్తుంది, భగవంతుడా, అంతలో అవతలి నుంచి ఎవరో హ్యాండిలు పట్టుకుని బలంగా ఇటు తోశారు, మాణిక్యం, అటు ఎప్పుడు వెళ్ళిందో, క్యారేజీ ఎప్పుడు వదిలేసిందో, బూరెలు రేకు మీద దొర్లుతున్నాయి, బండి నిటారుగా నిలబడింది, దీనమ్మ పాకుతూ ఇవతలికొచ్చేసింది, ఏంటండీ మాష్టారూ సంపేద్దారనుకున్నారా అని గుండెలు రుద్దుకుంటోంది, మాణిక్యం రెండు చేతులా హ్యాండిలు బిగించి పట్టుకుని, నా వైపు వంగి, నాకు తప్ప ఎవరికీ వినపడకుండా, నేను పట్టుకుంటానండి, మీరు వెనక్కెళ్ళి ఎడం కాలితో తొక్కండి అంది.

ఎడం కాలితో అంది, తెలియనివాళ్ళయితే గట్టిగా తొక్కండి అంటారు, జాగ్రత్త అంటారు, ఎడం కాలితో అని ఎవరూ అనరు, ఎప్పట్నుంచి అని పెదాలతోనే అడిగాను, మొదటి జ్వరం నాటి నుంచీ తెలుసండి, ముందు ఇది కానివ్వండి అంది, వెనక్కి వెళ్ళాను, క్యారియరు రెండు చేతులా పట్టుకున్నాను, ఎడమకాలు పెట్టి ఒళ్ళు వదిలేశాను, బండి లేచి కూర్చుంది, ఆయ్, అదీ మాష్టారంటే అని ఏసురాజు అరిచాడు, నేను తల తిప్పలేదు, మొదటి జ్వరం అంటే నేను గడియ వేసుకోవడం మొదలుపెట్టకముందే, కొత్త ప్యాంట్లు రెండూ కింద వెడల్పుగా కుట్టించింది, ఇప్పుడిదే ఫ్యాషనండీ అంది, నమ్మాను, నేను దాచుకుంటున్నాననుకున్నది అంతా అది చూస్తూనే ఉంది, చూస్తూ ఒక్క రాత్రి కూడా దాని పక్క నా పక్క నుంచి జానెడు జరగలేదు, ఎలా జరగకుండా ఉంది, మనిషన్నాక జరగదూ, నేను జరగలేదూ.

మా అమ్మ లోవమ్మ కాలు మోకాలి కింద నుంచి నల్లగా మడతలు పడి ఉండేది, ఏ చెప్పూ పట్టేది కాదు, నా పదో ఏట ఎవడో అన్నాడు పక్కన పడుకుంటే అంటుకుంటుందని, ఎవడన్నాడో గుర్తులేదు, నేను నమ్మడం గుర్తుంది, ఆ రాత్రి అమ్మ పక్కలోంచి లేచి చాప వీధరుగు మీదకి లాక్కుపోయాను, ఏంట్రా అంది, లోపల ఉక్కగా ఉందన్నాను, పుష్యమాసం, అరుగంతా మంచుకి తడిసిపోయి ఉంది, ఉక్కగా ఉందన్నాను, అమ్మ కాసేపు చూసి సరేలేరా అంది, లోపలికెళ్ళి దుప్పటి తెచ్చింది, కప్పలేదు, గడప లోపలే నిలబడి నా మీదకి విసిరింది, ఆ తర్వాత ఎన్నేళ్ళు బతికిందో అన్నేళ్ళూ నాకు ఏమివ్వాలన్నా చెయ్యి బారుగా చాపి దూరం నుంచే ఇచ్చేది, కాలు సలుపుతోందేమో, అడుగు వెయ్యలేకపోతోందేమో అనుకున్నాను, అమ్మ నా మాట నమ్మింది కదా అని హాయిగా ఉండేవాణ్ణి, పెళ్ళయ్యాక కూడా నమ్మిందనే ఉన్నాను, అటు నరసాపురం రేవు మెట్లు కనపడుతున్నాయి, మాణిక్యం బూరెలు ఏరి తుడిచి క్యారేజీలో పెడుతోంది, అన్నప్రాశన కానిచ్చి రేపు డాక్టరు గారి దగ్గరికి వెళ్దామండి, మొదట్లోనే మాత్రలు పడితే ఇంకా ముదరదంటున్నారు అంది, నీకెవరు చెప్పారు ఇది అదేనని, అన్నాను, అత్తయ్యగారండి అంది, పోయే ముందు నన్ను దగ్గర కూచోబెట్టుకుని చెప్పారు, మా బుల్లికి ఈ జబ్బంటే చిన్నప్పట్నుంచీ భయమమ్మా, వాడికే గనక వస్తే ఎవరికీ చెప్పడు, ఏదో ఒక వంక చెప్పి దాచుకుంటాడు, నువ్వు అడగొద్దు, వాడు నిద్రపోయాక కాళ్ళ కింద దిండు పెట్టు చాలు అన్నారు, అంటే రోజూ పొద్దున్నే పాదాల కింద ఉండే ఆ దిండు, నిద్రలో నేనే తన్నుకున్నాననుకున్న ఆ దిండు అమ్మ పెట్టించినదా, భయమందా, అసహ్యం అనలేదా, వాడికి భయమమ్మా అందా, ఏదో ఒక వంక చెప్తాడందా, ఏసురాజు మోకు విసిరాడు, జనం లేస్తున్నారు, స్టాండు తియ్యండి మాష్టారండీ అంటున్నారెవరో, నా చేతులు హ్యాండిలు మీదే ఉన్నాయి, కదలడం లేదు, అమ్మకి తెలుసు, ఉక్క కాదని ఆ రాత్రే తెలుసు, తెలిసే గడప దాటలేదు.