కోడలు కత్తిరించిన మనిషి

సాయంత్రం దండెం మీది బట్టలు తీసి మంచం మీద పోస్తే, వాటిని మడతపెట్టే పని టికెట్లమ్మాయిది. ఆ ఇంట్లో ఏడాదిగా అంతే. నీలం యూనిఫారం, వేళ్ళకి సిరా మరకలు. తువ్వాళ్ళని కూడా టికెట్టు చింపేముందు మడిచినట్టు గోటితో గీత పెట్టి మరీ మడుస్తుంది. నోరు విప్పి మాట్లాడదు. తల్లి టీ గ్లాసు అందిస్తే మాత్రం రెండు చేతులతో పుచ్చుకుంటుంది.

కోడలు సినిమాలకి ఎడిటరు. ఆమె కత్తిరించేసిన మనుషులు ఎక్కడికి పోతారు మరి, ఈ ఇంటికే వస్తారు. ఒకసారి పోస్ట్‌మాన్ వచ్చాడు. ఒకసారి బ్యాండుమేళం మొత్తం దిగింది, వాళ్ళకి వండి వార్చలేక తల్లి నడుం పడిపోయింది. ఎవరొచ్చినా కొద్దిరోజులే. ఉతికిన రంగులా వెలిసి వెలిసి, ఒక పొద్దున చాప ఖాళీగా కనిపిస్తుంది. టికెట్లమ్మాయి ఒక్కతే వెలవలేదు. పైగా ఆమెది కూతురి ముఖం. కాదా మరి, ఆ వేషం కట్టింది కూతురే కదా.

ఏళ్ళ తరబడి గుంపులో ఒకతిగా నిలబడ్డాక కూతురికి దొరికిన మొదటి వేషం అది. బస్టాండు సినిమాలో హీరో ఊరు వదిలి పోతుంటే, టికెట్ల కిటికీలో కూర్చునే మనిషి. సినిమా వచ్చిన రోజు ఇరుగునీ పొరుగునీ వెంటేసుకుని వెళ్ళింది. తెర మీద కిటికీ వచ్చింది. మూసి ఉంది. ఆ రోజు నుంచి వదినతో మాటల్లేవు.

ఇవాళ టీవీలో సినిమా అవార్డులు. ఎడిటింగు పోటీలో ఆ బస్టాండు సినిమా ఉంది. దానికి అవార్డు ఇస్తే ఈ గడప తొక్కనని, వేషాలు మానేసి వేరే ఊళ్ళో బట్టల కొట్లో చేరిపోతానని కూతురు ముందే కబురు పెట్టింది. ఆ ముచ్చటేదో కళ్ళారా చూసి పోదామని వచ్చి కూర్చుంది. కోడలికి అవార్డుల హాల్లో కుర్చీ ఉన్నా వెళ్ళలేదు. ఆడపడుచు వస్తుంటే పారిపోయిందన్న మాట తనకొద్దంది. ఇద్దరి మధ్యా తల్లి అడకత్తెరలో పోకచెక్కలా కూర్చుంది.

కొడుకు వాతావరణం తేలికచేద్దామని, యుద్ధం సినిమాకే ఇవ్వాలి, ఎన్ని గుర్రాలు పెట్టారో చూశారా అన్నాడు.

"గుర్రాలకే ఇమ్మను అన్నయ్యా," అంది కూతురు. "వాటినైనా తెర మీద ఉండనిచ్చారు."

అసలు గెలవాల్సింది పడవ ముసలాడి సినిమా అని ఆమె వాదన. ఆ ముసలాడు చిక్కుపడ్డ వల విప్పుతుంటే, చివరి ముడి ఊడేదాకా చూపిస్తారు, మనిషికిచ్చే మర్యాద అంటే అదీ అంది. కోడలు టీవీ మీంచి చూపు తిప్పకుండా, మంచి సినిమాయేనని, కాకపోతే రెండో సగంలో తనకి కునుకు పట్టిందని, అందులో కుక్క సీను లేకపోయినా ముసలాడికి వచ్చే నష్టం లేదని అంది.

"కత్తెర చేతిలో ఉంటే కుక్కయినా ఒకటే, మనిషయినా ఒకటే."

"బియ్యంలో రాళ్ళు ఏరకుండా ఎవరైనా ఎసట్లో పోస్తారా?"

"అయితే నేను రాయినా వదినా?"

ఏడాది తర్వాత వదినా అన్న పిలుపు అది. అదీ ఇలా వచ్చింది. కొడుకు లేచి, తిరుగుతున్న ఫ్యానుకే రెగ్యులేటరు సర్దడం మొదలెట్టాడు.

"కాదు," అంది కోడలు. "నువ్వు చాలా బాగా చేశావు. అందుకే తీసేశాను."

"నన్ను సముదాయించక్కర్లేదు."

"సముదాయించడం నాకు చేతకాదు. నువ్వా కిటికీలోంచి చూసిన చూపుకి హీరో బస్సెక్కడు. ఎవడూ ఎక్కడు. వాడు ఎక్కకపోతే సినిమా లేదు. ఇవాళ మళ్ళీ చేతికిచ్చినా అదే కోస్తాను."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు మాట్లాడితేగా."

అంతలో టీవీలో కవరు చించారు. బస్టాండు సినిమా. హాలంతా చప్పట్లు, ఇంట్లో మాత్రం ఎవరి చేతులు వాళ్ళ ఒళ్ళోనే ఉండిపోయాయి. కోడలి తరఫున డైరెక్టరు వేదికెక్కాడు.

కూతురు లేచింది. "వెళ్తున్నానమ్మా" అంది. ఆ ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా వెళ్ళొస్తాననే అంటారు. కూతురు ఆ రెండో సగం మింగేసింది.

వేదిక వెనక తెర మీద గెలిచిన సినిమా ముక్క వేశారు. వాన, బస్సు హారను, పెట్టె పట్టుకుని పరిగెత్తుతున్న హీరో. మంచం దగ్గర టికెట్లమ్మాయి చేతిలో తువ్వాలు పక్కన పెట్టింది. యూనిఫారం సరిచేసుకుని, టీవీ దగ్గరకెళ్ళి, పొట్టి గుమ్మం దాటేటప్పుడు వంచినట్టు తల వంచి తెర లోపలికి వెళ్ళింది.

తెర మీద కిటికీ తెరుచుకుంది. ఆమె హీరోని చూసింది. అంతే, ఒట్టి చూపు. బస్సు మెట్టు మీద వేసిన వాడి కాలు ఆగిపోయింది. బస్సు రెండుసార్లు కూసి, విసుగొచ్చి వెళ్ళిపోయింది. వాడు పెట్టె కింద పెట్టి బెంచీ మీద కూర్చున్నాడు. కూర్చునే ఉన్నాడు. డైరెక్టరు అవార్డు చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగి తెరకేసే చూస్తున్నాడు. హాల్లో ఎవరూ దగ్గనైనా దగ్గలేదు.

కూతురు ఒక కాలికి చెప్పుతో గుమ్మంలో నిలబడిపోయింది. తనని తాను తెర మీద చూసుకోవడం ఆమెకి అదే మొదలు.

"నేనిలా చూశానా?" అంది.

"ఇలాగే," అంది కోడలు. "ఇక వాడు కదలడు. సగం సినిమా గంగపాలు."

వేదిక దిగీ దిగకుండానే డైరెక్టరు ఫోను చేశాడు. కోడలు ఊఁ కొడుతూ విని, ఫోను మీద అరచెయ్యి మూసింది.

"బెంచీ దగ్గర్నుంచి సినిమా మళ్ళీ తీయాలట. నువ్వు లేకుండా కుదరదంటున్నాడు. చేస్తావా?"

తల్లి తన చీర కొంగు గట్టిగా పట్టుకుంది.

"అడ్డమొస్తే మళ్ళీ కోసేస్తావుగా?" అంది కూతురు.

"కోసేస్తాను."

కూతురు వదిన ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత ఆ ఒక్క చెప్పూ విప్పేసి లోపలికొచ్చింది.